ఏడు నిమిషాల ఆలస్యం

4 జనవరి 1976, ఆదివారం

మేడమీద రెండు వెదురు గడలు నిలబెట్టి మధ్యలో రాగి తీగ కట్టాం. నేనూ, పై వాటాలో అద్దెకుంటున్న వెంకటకృష్ణారావు గారూ. ఆయన కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. రేడియో లైసెన్సున్న మనిషి. సుబ్బరత్నం పైకొచ్చి చూసి, బట్టలారేసుకోటానికి బాగుంటుందండీ అంది. ఆ తీగ జోలికొస్తే ఊరుకునేది లేదన్నాను.

సంగతేమిటంటే, ఆస్కార్-7 అని ఒక ఉపగ్రహం తిరుగుతోంది. సర్కారు వాళ్ళది కాదట. రేడియో సరదా ఉన్నవాళ్ళు, నాలుగైదు దేశాల వాళ్ళు, సొంతంగా కట్టుకుని, వేరే పని మీద వెళ్తున్న రాకెట్లో ఎక్కించి పంపారట. ఒక దేశం వాడు దానికి మాట అందిస్తే అది ఇంకో దేశం వాడికి అందిస్తుంది. తొమ్మిది వందల మైళ్ళ ఎత్తున, నూట పదిహేను నిమిషాలకోసారి భూమిని చుడుతుంది. పోతూ పోతూ, చుక్కలూ గీతల మోర్స్‌లో తన ఆరోగ్యం చెప్పుకుంటుంది. బ్యాటరీ ఎంత, వేడి ఎంత, అన్నీ అంకెల్లో. ఆ అంకెలు రాసి పంపితే కట్టినవాళ్ళకి పనికొస్తాయి.

లెక్చరర్ గారికి రేపట్నుంచి ఏప్రిల్ దాకా మద్రాసులో ట్రైనింగు. రిసీవరు నాకు అప్పజెప్పి వెళ్తున్నారు. నా డ్యూటీ మధ్యాహ్నం ఒంటిగంటకి. ఉదయం ఖాళీ. ముప్ఫై ఏళ్ళుగా టెలిగ్రాఫిస్టుని. మీకంటే మోర్స్ తెలిసినవాడు ఈ వన్ టౌన్‌లో ఎవరున్నారు బసవపున్నయ్య గారూ అన్నారు. నిజమే. ఒప్పుకున్నాను.

6 జనవరి, మంగళవారం. ఉదయం 10 గం.

విన్నాను.

లెక్చరర్ గారు ఒక పటం ఇచ్చి వెళ్ళారు. ఉత్తరధ్రువం నడిమధ్య ఉండే ప్రపంచ పటం. దాని మీద ట్రేసింగ్ పేపరు, పేపరు మీద వంపు గీత. ఆ రోజు ఉపగ్రహం భూమధ్యరేఖని ఎన్నింటికి, ఎక్కడ దాటుతుందో ఆయన మద్రాసు స్నేహితుడు పంపిన లిస్టులో ఉంది. దాని ప్రకారం పేపరు తిప్పితే మన నెత్తిమీదకి ఎప్పుడొస్తుందో నిమిషంతో సహా తెలుస్తుంది. నేను రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. 9.22 కి రావాలి. ఉత్తరాన కొండ వెనక నుంచి లేచి, దక్షిణాన సముద్రం మీదకి దిగిపోవాలి. మొత్తం ఇరవై ఒక్క నిమిషాలు.

9.22 కి హెడ్‌ఫోన్సులో బుసబుస తప్ప ఏమీ లేదు. 9.25 కి లేదు. తీగ తెగిందేమోనని చూసొచ్చాను. 9.29 కి వచ్చింది. ముందు దారమంత సన్నగా, తర్వాత నిండుగా. H, I. ఆ రెండక్షరాలే పలకరింపు. తర్వాత మూడేసి అంకెలు. స్పీడు తక్కువ. చిన్నపిల్లాడు కూడా రాయగలడు. మనవైపు వస్తున్నప్పుడు ఈల కీచుగా ఉంటుందనీ, దాటి వెళ్ళేటప్పుడు రైలు కూత లాగా దిగిపోతుందనీ లెక్చరర్ గారు చెప్పారు. అలాగే దిగింది. 9.43 కి పోయింది. పోయేటప్పుడు మాత్రం సరిగ్గా టైముకే పోయింది.

డయల్ తిప్పవద్దన్నారు. ఈల ఏ నిమిషానికి ఏ స్థాయికి దిగిందో రాయాలట. పోల్చి చూసుకోవటానికి కాలేజీ లాబ్‌లో ఉండే ఆసిలేటర్ ఒకటి తెచ్చి ఇచ్చారు. దాని మీద నంబరు పెడితే అంత కీచుగా కూస్తుంది.

8 జనవరి

రోజు విడిచి రోజే మనకి వినపడే బ్యాండులో ఉంటుంది. ప్రతిసారీ ఆరేడు నిమిషాలు ముందుకి జరుగుతుంది. మరీ పెందలాడే అయిపోతే దాని తర్వాతి చుట్టు పట్టుకోవాలి. ఇవాళ 9.16 కి రావాలి. 9.23.

10 జనవరి

9.09 కి రావాలి. 9.16.

12 జనవరి, సోమవారం

9.03 కి. 9.10 కి వచ్చింది. లెక్చరర్ గారికి కార్డు రాశాను. ఉపగ్రహం ఏడు నిమిషాలు లేటుగా నడుస్తోంది, దయచేసి కట్టినవాళ్ళకి తెలియజేయండి అని.

20 జనవరి, మంగళవారం

జవాబొచ్చింది. మద్రాసులో ఆయనా స్నేహితుడూ కూర్చుని విన్నారట. నిమిషం తేడా లేకుండా వస్తోందట. మనకి ఉత్తరాన కొండ అడ్డం ఉంది కదా, దాని వల్లే అయ్యుంటుందన్నారు. కొండల్లేని చోట ఒకసారి విని చూడమన్నారు.

కొండ అడ్డం అయితే సరే. నా మనసు కుదుటపడింది.

ఆఫీసులో వెంకటప్పయ్య గారు, మా సూపర్వైజరు, నన్ను రెండుసార్లు పిలిచారట. పలకలేదట. ఆకాశంలో ఉన్నావా పున్నయ్యా అని నవ్వారు. అందరూ నవ్వారు.

31 జనవరి, శనివారం

విపరీతమైన రద్దీ. పెళ్ళిళ్ళ సీజను. వీరమ్మలంక లైను, గుడివాడ లైను రెండూ నా మీదే. మోర్స్ టకటకలాడించే సౌండరు వెనక సిగరెట్ డబ్బా పెడితే చప్పుడు గట్టిగా ఉంటుంది. అందరూ పెడతారు. నాది సౌండరుకి ఇంకొంచెం ఆనించి పెట్టుకున్నాను. తొంభై ఆరు టెలిగ్రాములు తీసుకున్నాను. ఒక్కటి కూడా మళ్ళీ కొట్టమని అడగలేదు.

9 ఫిబ్రవరి, సోమవారం

ఇవాళ ఒక మనిషి వచ్చాడు. పేరు శౌరయ్య. కొండపల్లి దగ్గర పవర్ హౌస్ కడుతున్నారు, అందులో వెల్డరు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా మీద నల్లగుడ్డ ముక్క కుట్టుకున్నాడు. కౌంటరు దగ్గర కేకలేస్తాడేమో అనుకున్నాం. వెయ్యలేదు. టెలిగ్రాం కాగితం బల్లమీద పెట్టి, ఇది ఎవరు రాశారండీ అన్నాడు.

నా చేతిరాత, జనవరి 31 శనివారం తీసుకున్నది. మదర్ ఆపరేషన్ థర్స్‌డే స్టార్ట్. అమలమ్మ.

అతని తల్లి తెరేసమ్మకి మిషన్ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్. చెల్లెలు అమలమ్మ వీరమ్మలంక పోస్టాఫీసులో మంగళవారం అని రాసిచ్చింది. ఇతనికి గురువారం అని వచ్చింది. పనిలో ఒకరోజు ఎక్కువ చేసుకుని, సెలవు పెట్టుకుని, బుధవారం సాయంత్రం బస్సు దిగాడు. తల్లి మంగళవారం ఆపరేషన్ బల్లమీదే పోయింది. బుధవారం పొద్దున్నే సమాధి చేసేశారు. ఇతను వెళ్ళేసరికి మట్టి ఇంకా తడిగానే ఉందట.

వెంకటప్పయ్య గారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. విచారణ చేయిస్తామన్నారు. అతను నీళ్ళు తాగలేదు. నాకు డబ్బూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు, ఎవరు తప్పు రాశారో ఒక కాగితం మీద రాసివ్వండి చాలు అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

10 ఫిబ్రవరి

వివరణ అడిగారు. వచ్చింది వచ్చినట్టు రాశాను అని రాసిచ్చాను. ముప్ఫై ఏళ్ళలో నా మీద ఒక్క రిమార్కు లేదు.

కాబట్టి తప్పు అవతలి ఆఫీసుది. అంటే అక్కడ కీ కొట్టి పంపే సంపూర్ణమ్మది.

17 ఫిబ్రవరి, మంగళవారం

సంపూర్ణమ్మని విచారణకి పిలిపించారు. ఆమె చెయ్యి నాకు రెండేళ్ళుగా తెలుసు. టెలిగ్రాఫిస్టుకి చెయ్యి అంటే గొంతు లాంటిది, విని మనిషిని గుర్తుపడతాం. ఆమెది నెమ్మదైన చెయ్యి, అక్షరాల మధ్య కాస్త ఎడం ఇస్తుంది. మొహం మాత్రం ఇవాళే చూశాను. ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త అక్కడే పోస్ట్‌మన్, కృష్ణలో పడవ బోల్తాపడి పోయాడు. ఆ దయ మీద ఇచ్చిన ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు.

ఫారం తెచ్చింది. అమలమ్మ రాసిన కాగితం. ట్యూస్‌డే అని స్పష్టంగా ఉంది. చూసి చూసి కొట్టానండీ అంది. రాసింది సరే, కొట్టేటప్పుడు పొరపాటు పడ్డావేమో అని వెంకటప్పయ్య గారు అన్నారు. ఆమె నా వైపు తిరిగింది. అర్థం కాకపోతే మీరు మళ్ళీ కొట్టమంటారు కదండీ, మీరు అడగలేదు కదా అని సరిగ్గానే వెళ్ళిందనుకున్నానండీ, అంది.

అనుమానం వస్తే అడిగేవాణ్ణి, రాలేదు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

బస్సు టైమైందని వెళ్ళిపోయింది. ఎమర్జెన్సీ రోజులు. ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు పైవాళ్ళకి కాగితం కావాలి. పర్మనెంటు కాని మనిషి అయితే సులువు.

29 ఫిబ్రవరి, ఆదివారం. చల్లపల్లి.

బావమరిది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

కొండల్లేని చోట వినమన్నారు కదా అని నిన్న సాయంత్రం బస్సులో రిసీవరు గోనెసంచిలో చుట్టి తెచ్చాను. కుట్టుమిషనా అన్నాడు కండక్టరు. అవునన్నాను. సుబ్బరత్నం పుట్టింటికి వచ్చి ఏడాదైంది, ఆమే సంతోషపడింది. ఇక్కడ ఎటు చూసినా వరి కోసేసిన పొలాలే. ఉత్తరాన అడ్డంగా తాటిచెట్టు కూడా లేదు.

8.24 కి రావాలి. ఎనిమిదింటికే మేడ మీద తీగ కట్టాను. గాలికి ఒక గడ పక్కకి వంగింది. దాన్ని పట్టుకుని సుబ్బరత్నాన్ని పిలిచి, హెడ్‌ఫోన్సు పెట్టుకుని గడియారం చూస్తూ ఉండు, ఏమైనా వినపడితే చెప్పు అన్నాను. వినపడదని నాకు తెలుసు, ఇంకా ఏడు నిమిషాలుంది. గడ కట్టుకునేదాకా ఆమెకో పని అంతే.

చెయ్యి ఊపింది. వచ్చిందండీ అంటోంది. ఎంతయింది అన్నాను. ఎనిమిదీ ఇరవైనాలుగు.

దగ్గరికి వెళ్ళి హెడ్‌ఫోన్సు తీసి పెట్టుకున్నాను. బుసబుస. అంతే. ఏమీ లేదే అన్నాను. మళ్ళీ ఆమె పెట్టుకుంది. పిట్ట కూసినట్టు కీచుకీచుమని ఇంత గట్టిగా వినపడుతుంటే లేదంటారేమిటండీ అంది.

అప్పుడు తోచింది. నా మణికట్టు ఆమె చేతిలో పెట్టాను. పిట్ట ఎట్లా కూస్తే అట్లా వేలితో నొక్కు అన్నాను. పొడుగ్గా కూస్తే పొడుగ్గా, పొట్టిగా కూస్తే పొట్టిగా. సుబ్బరత్నానికి మోర్స్ ఒక్క అక్షరం రాదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేర్చుకోవాలనీ అనుకోలేదు.

కాసేపు ఏవేవో అంకెలు నొక్కింది. కొన్ని తప్పిపోయాయి. తర్వాత నాలుగు పొట్టివి. ఎడం. రెండు పొట్టివి.

H. I.

ఆమె వేలి మీద నుంచి చదివాను. హెడ్‌ఫోన్సు ఒక పక్క ఆమె చెవికీ, ఒక పక్క నా చెవికీ ఆనించుకుని కూర్చున్నాం. ఆమె నొక్కుతూనే ఉంది. నాకు బుసబుస. 8.31 కి ఈల దిగటం మొదలయ్యాక నా చెవిలోకి వచ్చింది. అప్పట్నుంచి పోయేదాకా ఇద్దరం విన్నాం.

ఉపగ్రహం లేటు కాదు. కొండ అడ్డం కాదు.

మీకు కొన్నాళ్ళుగా సరిగ్గా వినపడటం లేదండీ అంది. ఎన్నాళ్ళుగా అన్నాను. మూడు నాలుగేళ్ళుగా అట. వంటింట్లోంచి పిలవటం మానేసి ఎదురుగా వచ్చి మాట్లాడుతోందట. నేను గమనించలేదు. చెబితే బాధపడతారని ఊరుకున్నానంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. రెంటిలో ఏది ముందో తెలియలేదు.

భోజనం దగ్గర కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ నాలుగు చుక్కలు. H. థర్స్‌డేలో T తర్వాత వచ్చేది H. ట్యూస్‌డేలో T తర్వాత వచ్చేది U. రెండు చుక్కలు, ఒక గీత. సౌండరు మీద ఆ గీత నా చెవికి సరిగ్గా అందకపోయి ఉంటే?

అన్నం సగంలో వదిలి లేచాను. బావమరిది కూర బాగాలేదా బావగారూ అన్నాడు.

1 మార్చి, సోమవారం

ఇంటికొచ్చాక ఆసిలేటర్ పెట్టి చూసుకున్నాం. సుబ్బరత్నం నంబరు పెంచుతూ పోయింది. 1700 దగ్గర నాకు ఆగిపోయింది. గట్టిగా పెడితే ఇంకొంచెం. ఆమె తను విని చూసుకుంటూ ఇంకా తిప్పుతూనే ఉంది. 11000 దాకా వెళ్ళింది. నేను ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను.

3 మార్చి, బుధవారం

ఏసుపాదం నా పక్క బల్ల. ఇరవై ఏళ్ళ స్నేహం. డ్యూటీకి గంట ముందు రమ్మన్నాను. టెస్టు బల్ల మీద కూర్చోబెట్టి, ట్యూస్‌డే, థర్స్‌డే, నీ ఇష్టం వచ్చినట్టు కలిపి ఇరవైసార్లు కొట్టు అన్నాను. వీపు తిప్పి కూర్చుని రాసుకున్నాను. సౌండరు వెనక డబ్బా తీసేశాను.

ఇరవైలో ఏడు తప్పు.

ఆశ్చర్యమేమిటంటే, రాసేటప్పుడు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. చెవికి అందనిది చెయ్యి తనే పూరిస్తోంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మొదటి అక్షరం, చివర కొంచెం వింటే చాలు, మిగతా మాట అదే రాసేస్తుంది. చాలాసార్లు సరిపోతుంది. ఆ శనివారం సరిపోలేదు.

ఏసుపాదానికి విషయం అర్థమైంది. కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దు, బరువైన లైన్లు నేను తీసుకుంటాను, నువ్వు గుడివాడ ఒక్కటి చూసుకో, రిటైర్మెంటుకి ఐదేళ్ళేగా, ఎంతలో తిరిగొస్తాయి అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు.

5 మార్చి

రాయలేదు. వెంకటప్పయ్య గారికి రాయాల్సింది. కాగితం తీశాను, మడిచాను.

7 మార్చి, ఆదివారం

ఇవాళ కూడా రాయలేదు.

ఎందుకు రాయలేదో ఇక్కడైనా నిజం రాసుకోవాలి. ఉద్యోగం పోతుందని కాదు. పోదు, ఇంకో బల్ల ఇస్తారు. కొత్తగా చేరినవాళ్ళని మొదటివారం నా పక్కన కూర్చోబెడతారు. ఆయన తీసుకోవటం చూడండి, పెన్ను ఆగదు అంటారు. ఆ మాట పోతుంది. చెవిటి టెలిగ్రాఫిస్టు అంటారు. వినటానికే నవ్వొస్తుంది.

సుబ్బరత్నానికి మొత్తం చెప్పాను. ఏం చెయ్యమంటావు అన్నాను. అది మీరు ఆలోచించుకోవాలి అంది. మళ్ళీ తనే, ఆ సంపూర్ణమ్మకి పిల్లలున్నారా అంది. ఇద్దరు అన్నాను. ఎంతవాళ్ళు అంది. తెలియదన్నాను.

9 మార్చి, మంగళవారం

సంపూర్ణమ్మని తీసేసే ఆర్డరు టైపవుతోంది. పదిహేనో తేదీ నుంచి అట. ఇవాళ ఆమె లైన్లో ఉంది. ఏసుపాదం తీసుకుంటున్నాడు. నేను లేచి వెళ్ళి సౌండరు మీద వేలు పెట్టాను. చెవితో కాదు, వేలితో విన్నాను. మామూలు టెలిగ్రాములే, ఎరువుల బస్తాలు, పెళ్ళి శుభాకాంక్షలు. ఒక్కో అక్షరం విడివిడిగా, పొరపాటు లేకుండా కొడుతోంది. ఆ చేతి మీద నేను నేరం మోపాను.

11 మార్చి, గురువారం. రాత్రి 9 గం.

ఇచ్చేశాను. పది వాక్యాలు. జనవరి 31న వీరమ్మలంక నుంచి వచ్చిన టెలిగ్రాం నేను తప్పుగా తీసుకున్నాను. నా వినికిడి దెబ్బతింది. ఫిబ్రవరి పదిన ఇచ్చిన వివరణ అప్పుడు నిజమనుకునే ఇచ్చాను, ఫిబ్రవరి ఇరవైతొమ్మిది నుంచి అది నిజం కాదని తెలిసి కూడా పదకొండు రోజులు ఊరుకున్నాను. సంపూర్ణమ్మ తప్పు ఏమీ లేదు.

వెంకటప్పయ్య గారు రెండుసార్లు చదివారు. తలుపు మూసి రమ్మన్నారు. పున్నయ్యా, ఈ పదకొండు రోజుల మాట ఎవడడిగాడు నిన్ను, ఆ ఒక్క వాక్యం తీసెయ్ అన్నారు. తియ్యనన్నాను. ఈ కాగితం నేను ఇంకా చూడలేదు, రాత్రి ఎనిమిది దాకా సొరుగులో ఉంటుంది, ఈలోగా నువ్వొచ్చి అడిగితే ఇచ్చేస్తాను అన్నారు. టీ తెప్పించారు. టీ ఇద్దరం తాగాం.

ఎనిమిదింటికి ఆయన బయటికొచ్చి నా మొహం చూశారు. పంపించండి సార్ అన్నాను. లోపలికెళ్ళి ముద్ర వేశారు. ఆ చప్పుడు నాకు బాగానే వినపడింది.

12 మార్చి

కీ మీద నుంచి తీసేశారు. నా కుర్చీలో ఏసుపాదం కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు.

15 మార్చి, సోమవారం

ఆర్డరు ఆపేశారు. సంపూర్ణమ్మ వీరమ్మలంకలోనే ఉంటుంది.

22 మార్చి, సోమవారం

ఉదయం 9.09 కి సుబ్బరత్నానికి వినపడింది. నిమిషం తేడా లేదు. మొదటి ఏడు నిమిషాలూ ఆమె నొక్కుతుంది, నేను రాస్తాను. తర్వాత హెడ్‌ఫోన్సు నాకిస్తుంది. నొక్కటం కుదిరింది, అంకెలు తప్పటం లేదు. బ్యాటరీ బాగుంది. పోయినవారం లెక్చరర్ గారికి ఉన్నదున్నట్టు కార్డు రాశాను. జవాబులో ముందు నేను రాసి పంపిన ఈల అంకెలన్నీ లెక్కకి చక్కగా సరిపోయాయని నాలుగు లైన్లు రాశారు. కింద, మిమ్మల్ని ఈ పనిలో పెట్టినందుకు ఏమనుకోవాలో తెలియటం లేదు, క్షమించండి అని ఒక లైను.

మధ్యాహ్నం చెవి డాక్టరు. రెండు చెవులూ. వెనక్కి రాదట, ఇంకా తగ్గుతుందట. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఫారాల మీద నంబర్లు వేసే బల్ల ఇచ్చారు. అక్కడ వినాల్సిన పని లేదు.

28 మార్చి, ఆదివారం. కొండపల్లి వెళ్ళొచ్చి.

ఆఫీసు నుంచి శౌరయ్యకి ఉత్తరం వెళ్ళింది. పొరపాటుకి విచారిస్తున్నాం అని ఇంగ్లీషులో రెండు లైన్లు. తప్పు ఎవరిదో రాయలేదు. అతను అడిగింది అది కాదు కదా. నేనే బస్సెక్కి వెళ్ళాను.

రేకుల షెడ్డులో ఉంటున్నాడు. గుర్తుపట్టాడు. నిలబడే చెప్పాను. నేనే రాశాను, నాకు సరిగ్గా వినపడదు, అది అప్పట్లో నాకే తెలియదు, తెలిశాక కూడా కొన్నాళ్ళు దాచాను.

అతను కొడతాడేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి, నాకు వినపడేలా మాట్లాడాడు. మా చెల్లి నా మొహం చూడటం లేదండీ అన్నాడు. అమ్మకి ఆపరేషనని తెలిసి కూడా ఓవర్‌టైము కోసం ఆగిపోయానని అనుకుంటోందట. కాగితం చూపిస్తే, తను మంగళవారం అనే రాసిచ్చాననీ, టెలిగ్రాం ఆఫీసులో తప్పు రాయరనీ అందట. గురువారం అని ఎవరి చేతో రాయించుకొచ్చావు అందట. సమాధి దగ్గర అందరి ముందూ అందట. అందుకే తప్పు ఎవరిదో రాసివ్వమన్నాడు.

రాసిస్తానన్నాను. కాగితం నమ్మదండీ, మీరొచ్చి చెప్పండి అన్నాడు.

4 ఏప్రిల్, ఆదివారం

వీరమ్మలంక వెళ్ళాం, శౌరయ్యా నేనూ. అమలమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. వీధిలోనే నిలబడి చెప్పాను.

ఆమె తలవంచుకుని ఏదో అంది. వినపడలేదు. వినపడలేదమ్మా అన్నాను. ఇంకా చిన్నగా అంది. శౌరయ్య వైపు చూశాను. అతను నా చెవి దగ్గర నోరు పెట్టి, అమ్మని బల్ల మీదకి తీసుకెళ్ళేటప్పుడు, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. శౌరయ్య అరిచాడు. అమ్మ నా పేరే అడిగిందంట, పెద్దోడు బయల్దేరే ఉంటాడులే అందంట.

వీధి వీధంతా విన్నారు.

తర్వాత వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. నాకేమీ వినపడలేదు.